కౌంట్లు తేడాగా ఉన్నాయా? డిటెక్టర్ విప్పే ముందు దాని కింద ఏముందో చూడండి

కాస్మిక్ కిరణాల్ని, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాల్ని, లెక్కపెట్టే డిటెక్టర్లు కట్టే కుర్రాళ్ల నుంచి నెలకి రెండు ఫోన్లయినా వస్తాయి. "సార్, ట్యూబ్ పోయినట్టుంది సార్." ఎలా తెలిసింది బాబూ అంటే, "కౌంట్లు తేడాగా ఉన్నాయి సార్." ఎంత తేడా? ఎంతసేపు చూశావు? ఎక్కడ పెట్టి చూశావు? ఇక్కడికొచ్చేసరికి అవతల మాట ఉండదు. ఈ మూడిటికీ జవాబు రాసి పెట్టుకుంటే ఆ ఫోన్లలో ముప్పాతిక వంతు చెయ్యక్కర్లేదు. ట్యూబులు అంత తేలిగ్గా పోవు. నా చేతిలో నిజంగా పోయినవి రెండే, రెండూ బల్ల మీంచి పడి పగిలినవి.

నేనుండేది విజయనగరం. బెలూన్‌లో పైకి పంపే కాస్మిక్ కిరణాల డిటెక్టర్లు కట్టే కుర్రాళ్లకి కొన్నేళ్లుగా చేయి అందిస్తున్నాను. ఎగరేసేది ఇక్కడి నుంచి కాదు. చలికాలంలో పైన గాలి పడమటి నుంచి వీస్తుంది, మన తీరంలో వదిలితే పెట్టె నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. అనుమతులు, బెలూన్, గ్యాసు వాళ్ల పని. కట్టడం, పరీక్షించడం మా పని.

కింద చెప్పేది రెండు రకాల డిటెక్టర్ల గురించి. ఒకటి 400 వోల్టుల బోర్డుతో నడిచే గైగర్ ట్యూబ్: లోపల గ్యాసు, కణం దూరినప్పుడల్లా ఒక పల్సు, అదే ఒక కౌంటు. రెండోది 5 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ సింటిలేటర్ పలక (కణం దూరితే మిణుక్కుమంటుంది), దానికి అంటించిన సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ (ఆ మిణుకుని పట్టే సెన్సరు). టంకం వెయ్యడం, ఆర్డుయినోలోకి ప్రోగ్రామ్ ఎక్కించడం, మల్టీమీటర్ వాడడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

కౌంట్లు నిమిషానికో రకంగా వస్తున్నాయి

ఇది జబ్బే కాదు. సగటున నిమిషానికి 25 వచ్చే డిటెక్టర్లో ఒక నిమిషం 19 వస్తుంది, ఇంకో నిమిషం 31 వస్తుంది. కాస్మిక్ కిరణాలు బస్సు టైమ్‌టేబుల్ చూసుకుని రావు. 25కి వర్గమూలం 5, కాబట్టి మూడింట రెండొంతుల నిమిషాల్లో 20కీ 30కీ మధ్య వస్తాయి, మిగతావి బయటికి పోతాయి. ఒక శాతం లోపు ఖచ్చితంగా తెలియాలంటే 10,000 కౌంట్లు కావాలి. అంటే 400 నిమిషాలు, ఆరు గంటల నలభై నిమిషాలు. రాత్రి ఆన్ చేసి పడుకోండి, పొద్దున్న చూడండి. ఐదు నిమిషాలు చూసి బోర్డు విప్పినవాళ్లతో నేను మాట్లాడను.

పోల్చుకోవడానికి ఒక లెక్క: సముద్ర మట్టంలో అడ్డంగా పెట్టిన పలక మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ (కాస్మిక్ కిరణాలు పైన గాలిని గుద్దితే పుట్టి నేల దాకా వచ్చే కణం) పడుతుంది. మన 5x5 పలకకి నిమిషానికి 25. ఒంటరి పలకలో అంతకన్నా చాలా ఎక్కువే కనిపిస్తుంది, ఎందుకో కింద చెప్తాను.

కౌంట్లు వేలల్లోకి పోతున్నాయి

సింటిలేటర్ పలక అయితే వెలుతురు. ఇంకో ఆలోచన పెట్టుకోకండి. ఒక మ్యూయాన్ సెంటీమీటరు ప్లాస్టిక్‌లోంచి దూసుకుపోతే దాదాపు 2 ఎంఈవీ (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి వదులుతుంది. దాన్నుంచి పుట్టేది ఓ ఇరవై వేల ఫొటాన్లు, అందులో సెన్సర్ దాకా చేరేవి కొద్దిపాటివే. అంత మిణుకుని పట్టుకోవడానికి కట్టినదానిలోకి ట్యూబ్‌లైటు వెలుతురు సందులోంచి దూరితే ఇక లెక్కేముంది?

"లైట్ లీక్ చూశావా?" అంటే అందరూ చూశామనే అంటారు. ఎలా చూశావు అంటే "రెండు చుట్లు టేపు వేశాం కద సార్" అంటారు. టేపు వెయ్యడం పరీక్ష కాదు. పరీక్ష ఇది: ముందు గది లైటు ఆర్పి, నల్లటి మందపాటి గుడ్డ నాలుగు మడతలు పెట్టి పలక మీద కప్పండి. కౌంట్లు తగ్గాయంటే లీకు ఉన్నట్టే. అప్పుడు గుడ్డ తీసి, చీకట్లోనే ఫోను టార్చి వేసి అంచుల వెంట అంగుళం అంగుళం జరపండి. ఎక్కడ అంకె ఎగిరిందో అక్కడ కన్నం. పదిలో తొమ్మిదిసార్లు వైరు బయటికొచ్చే చోటే. ముందు అల్యూమినియం రేకు, దాని మీద రెండు పొరల నల్ల టేపు, వైరు దగ్గర నల్ల సిలికోన్ జిగురు. మన మే నెల ఎండలకి టేపు జిగురు కరిగి అంచులు లేస్తాయి, కాబట్టి ఏప్రిల్లో పాసైన పలకని జూన్‌లో మళ్లీ చూడాలి.

తర్వాత మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో పెట్టి చూడండి. పైన 30 కిలోమీటర్ల ఎత్తులో ఎండకి అడ్డం ఏమీ ఉండదు. గదిలో పాసై ఎండలో ఫెయిలైనవి నాకు బాగా తెలుసు. గాజు గైగర్ ట్యూబులు కూడా ఎండ పొడ తగిలితే ఊరికే కౌంట్లు ఇస్తాయి, వాటికీ కప్పు వెయ్యండి.

కౌంట్లు అసలు రావడం లేదు, లేదా మరీ తక్కువ

సిలికాన్ సెన్సరుకి బయాస్ (అది నడవడానికి ఇచ్చే వోల్టేజి) తిరగేసి ఇచ్చారేమో చూడండి. 24.5 వోల్టుల దగ్గర బ్రేక్‌డౌన్ అయ్యే, అంటే పలకడం మొదలుపెట్టే, రకానికి 29 వోల్టుల దాకా ఇవ్వాలి, 24 ఇచ్చి కూర్చుంటే ఏమీ రాదు. ప్లాస్టిక్‌కీ సెన్సరుకీ మధ్య గ్రీజులో గాలి బుడగ ఉన్నా వెలుగు సరిగ్గా అందదు.

గైగర్ బోర్డు అయితే ఒక్క మాట. మామూలు మల్టీమీటర్‌తో 400 వోల్టులు కొలవకండి. మీటరు లోపలి 10 మెగా ఓమ్‌లే ఆ బోర్డుకి మోయలేని బరువు, కొలుస్తుండగానే వోల్టేజి కుంగిపోతుంది. మీటరు 250 చూపిస్తే మీరు స్క్రూ తిప్పి పెంచుతారు, మీటరు తియ్యగానే ట్యూబ్ నెత్తిన 600 కూర్చుంటుంది. మీటరుకి ముందు 1 గిగా ఓమ్ రెసిస్టర్ పెట్టండి, చూపించిన అంకెని సుమారు 100తో గుణించండి.

కౌంట్లు నిలకడగానే ఉన్నాయి, కానీ ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉన్నాయి

ఇదీ అసలు సంగతి. నన్ను రెండుసార్లు ముంచింది ఇదే.

కళింగపట్నం వైపు ఊరి కుర్రాడొకడు మా దగ్గర గైగర్ డిటెక్టర్ కట్టాడు. బల్ల మీద రాత్రంతా నడిపాం, అంకెలు చక్కగా ఉన్నాయి. సంక్రాంతి సెలవులకి ఇంటికి తీసుకెళ్లి పది రోజులు నేల మీది బేస్‌లైన్ (పైన వచ్చే అంకెల్ని పోల్చుకోవడానికి కింది అంకె) తీసుకొస్తానన్నాడు. రెండో రోజే ఫోను. "డబుల్ వస్తోంది సార్." ట్యూబ్ మార్చమన్నాను. మార్చాడు, డబులే. బోర్డు మార్చాడు, డబులే. వెలుతురు తగలకుండా డబ్బాలో పెట్టాడు, అదే అంకె. పండగ అయ్యాక వెనక్కి తెచ్చాడు. మా బల్ల మీద పెడితే ఏ గొడవా లేదు, మామూలే.

నాకు తట్టినది ఉప్పు గాలి. సముద్రం పక్క ఊరు, తేమ, 400 వోల్టుల బోర్డు, ఎక్కడో కరెంటు పాకుతోంది. ఇంతకన్నా నమ్మదగ్గ కథ ఏముంటుంది? బోర్డుకి వార్నిష్ రెండు పూతలు వేశాం, ట్యూబ్ కొసలకి సిలికోన్ పూశాం, డబ్బాలో సిలికా జెల్ పెట్టాం. రెండు వారాలు పోయాయి. ఇంటికి తీసుకెళ్లాడు. డబులే.

చివరికి నేనే వెళ్లాను. డిటెక్టర్ మేడ మీద స్టూలు మీద ఉంది. గాలికి పడిపోకుండా స్టూలు మీద డబ్బాకి అటూ ఇటూ రెండు చిన్న ఇసుక సంచులు ఆనించి పెట్టాడు. ఏ ఇసుక అని అడిగాను. "బీచ్‌ది సార్, ఇంకెక్కడిది."

సంచులు పది గజాల దూరం పెట్టించాను. గంటసేపు లెక్క పెడితే అంకె దిగింది. పూర్తిగా కాదు గానీ చాలా దిగింది.

సాయంత్రం బీపర్ ఆన్ చేసి డిటెక్టర్ పట్టుకుని ఒడ్డు వెంట నడిచాను. తెల్లటి ఇసుక మీద టిక్... టిక్... అంటూ పోయేది, కెరటం వెనక్కి జారినచోట నల్లగా చారలు కట్టిన ఇసుక దగ్గరికి వంచితే టకటకమని ఊపందుకుంది. వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి అడిగాడు: "ఏటి బాబూ, కొంగలాగ వొంగొంగి నడుస్తన్నావు, ఏటి పోయింది?" ఏమీ పోలేదు బాబాయ్, ఈ నల్ల ఇసుక దగ్గరికొస్తే ఇది ఎక్కువ అరుస్తోంది అన్నాను. "ఆ నల్లిసకేనా? మా గుంటలు అయస్కాంతమెట్టి ఆడుకుంతారు దాంతోటి" అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నిజానికి తెలిసిన సంగతే. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా మన తీరపు ఇసుకలో బరువైన ఖనిజాలున్నాయి: ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, వాటితో పాటు కొంచెం మోనజైట్. కెరటం తేలికపాటి ఇసుకని కడిగేసి బరువువాటిని ఒకచోట చారలుగా వదిలేస్తుంది. పిల్లల అయస్కాంతానికి అంటుకునేది మోనజైట్ కాదు, దాని పక్కనున్న నల్ల ఖనిజం. కానీ రెండూ బరువైనవే కాబట్టి నల్ల చార ఉన్నచోట మోనజైట్ కూడా పోగవుతుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మిక మూలకం. థోరియం అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు, అంటే మన ప్రాజెక్టు గడువులోపు అది తగ్గుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. బీచ్‌లో నడిచినంత మాత్రాన మనిషికి ఏమీ కాదు. డిటెక్టర్ బేస్‌లైన్‌కి మాత్రం అవుతుంది.

పలక వాడేవాళ్లు "మాది సింటిలేటర్ సార్, త్రెషోల్డ్ పెంచేస్తాం, గామా పోతుంది" అంటారు. త్రెషోల్డ్ అంటే ఇంతకన్నా చిన్న పల్సుని లెక్కపెట్టొద్దనే గీత, గామా అంటే థోరియం లాంటివి వదిలే కిరణాలు. అలా పోదు. థోరియం వంశంలో (అది విఘటన చెందుతూ పుట్టించే మూలకాల వరసలో) చివర్లో వచ్చే థాలియం-208 వదిలే గామా 2.6 ఎంఈవీ. అది ప్లాస్టిక్‌లో ఎలక్ట్రాన్‌ని తంతే 2.4 ఎంఈవీ దాకా ఇవ్వగలదు. సెంటీమీటరు పలకలో మ్యూయాన్ ఇచ్చేది 2. రెండూ ఒకే ఎత్తు మనుషులు, గుమ్మం ఎత్తు పెంచి ఒకణ్ని ఆపి ఇంకొకణ్ని రానివ్వలేరు. ఒంటరి పలకలో 25 కన్నా చాలా ఎక్కువ కనిపిస్తుందని పైన అన్నది ఇందుకే. ఇసుక, గోడలోని ఇటుక, గచ్చులోని గ్రానైట్, అన్నీ కొంచెం కొంచెం ఇస్తాయి.

రెండోసారి మునిగింది నా తప్పు వల్లే. ఆ నల్ల ఇసుక పరీక్షకి బాగా పనికొస్తుందని ఒక సంచి మా గదికి తెచ్చుకున్నాను. బల్ల కింద పెట్టి మరిచిపోయాను. తర్వాత ఇంకో బృందం డిటెక్టర్‌కి నేల బేస్‌లైన్ ఆ బల్ల మీదే తీశాం. పైకి వెళ్లొచ్చాక ఫైలు తెరిస్తే మొదటి కొద్ది వందల మీటర్లలో కౌంట్లు ఢమాలున పడ్డాయి, తర్వాత పెరిగాయి. హై వోల్టేజి మొదట్లో ఒకసారి కుంగి లేచిందని అందరం అనుకున్నాం. ఏమీ కుంగలేదు. నేల నుంచి, నా సంచి నుంచి దూరమైందంతే.

ఈ పడి లేవడం కొత్తదేమీ కాదు. 1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి వెళ్లినప్పుడు తేల్చింది ఇదే: రేడియేషన్ అంతా నేలలోంచే వస్తుంటే పైకి పోయేకొద్దీ తగ్గుతూనే ఉండాలి. ఆయనకి మొదట్లో కొంచెం తగ్గి, తర్వాత గట్టిగా పెరిగింది. కాబట్టి గైగర్ ట్యూబ్ గ్రాఫులో మొదటి కిలోమీటరులో చిన్న పల్లం కనిపిస్తే మీ డిటెక్టర్ బాగా పనిచేస్తున్నట్టు. ఆ పల్లం మరీ లోతుగా ఉంటే బేస్‌లైన్ తీసిన చోటు మంచిది కాదన్నట్టు.

నష్టం ఎంతో ఒక ఉదాహరణ లెక్క చూడండి. నేల మీద నిమిషానికి 40, పైన శిఖరం దగ్గర 600 అనుకుందాం. "15 రెట్లు" అని పోస్టర్ మీద రాస్తారు. ఆ 40లో 25 మట్టిదీ ఇసుకదీ అయితే ఆకాశం నుంచి వచ్చింది 15 మాత్రమే. అసలు జవాబు 40 రెట్లు. డిటెక్టర్లో ఏ లోపమూ లేకుండానే ఫలితం తప్పు.

ఏం చెయ్యాలి? కుదిరితే వరసగా ఇవన్నీ.

ముందు చోటు మార్చండి. అదే డిటెక్టర్, అదే బ్యాటరీ, మూడు చోట్ల గంట గంట. బల్ల మీద, మేడ మీద, ఊరి బయట ఖాళీ చోట. అంకె చోటుతో మారితే తప్పు చోటుది, డిటెక్టర్‌ది కాదు. దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. అయినా ముందు అందరూ స్క్రూడ్రైవరే తీస్తారు.

తర్వాత నీళ్ల మీదకి వెళ్లండి. ఇది నాకు బాగా నచ్చిన పరీక్ష. మేం తాటిపూడి రిజర్వాయర్‌లో పడవ మీద చేశాం. కింద రెండు మూడు మీటర్ల నీరుంటే చాలు, నేల నుంచి వచ్చే గామా దాదాపు అంతా నీళ్లలోనే ఆగిపోతుంది. ఒడ్డుకి కూడా దూరంగా ఉండాలి. గట్టు దగ్గరి అంకెలో దాదాపు సగమే మిగిలింది, ఆ మిగిలినదాన్నే మేం ఇప్పుడు బేస్‌లైన్‌గా రాస్తున్నాం. హెస్‌కి ఏడాది ముందు, 1911లో, ఇటలీలో దొమెనికో పచీని అనే శాస్త్రవేత్త తన పరికరాన్ని సముద్రంలో ముంచి చూసింది ఇలాంటి అనుమానంతోనే.

పడవ కుదరకపోతే సీసం. వలలకి కట్టే సీసం గుళ్లు చేపల రేవు దగ్గర కిలోల లెక్కన దొరుకుతాయి. ఐదారు సెంటీమీటర్ల మందాన డిటెక్టర్ కింద, చుట్టూ పేర్చండి. గామా చాలావరకు ఆగుతుంది, మ్యూయాన్‌కి అది దోమతెర. గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

శాశ్వతమైన మందు మాత్రం కోఇన్సిడెన్స్. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ. రెండూ ఒకేసారి పలికితేనే లెక్క. మ్యూయాన్ రెండిట్లోంచీ పోతుంది, గామా మామూలుగా ఒకదానిలోనే ఆగుతుంది. కౌంట్లు తగ్గిపోతాయని కుర్రాళ్లు ఏడుస్తారు, తగ్గనివ్వండి.

ఇసుక ఒక్కటే కాదు, దాని చుట్టాలూ ఉన్నారు. ఒకసారి శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఇదే డబుల్ కథ, సముద్రం మాత్రం ఇరవై మైళ్లు. ఫోటో పంపమన్నాను. డిటెక్టర్ చక్కగా పొటాష్ బస్తాల మీద కూర్చుని ఉంది. ఎరువు పొటాష్‌లో సగం పొటాషియమే, ప్రతి గ్రాము పొటాషియం సెకనుకి 31 రేడియోధార్మిక విఘటనలు ఇస్తుంది. అలాంటి 50 కిలోల బస్తాలు మూడు! అది తప్పు చోటు గానీ మంచి పరీక్ష సాధనం. ఒక పావుకిలో పొటాష్ పాలిథిన్ సంచిలో కట్టి దగ్గర పెట్టినప్పుడు కౌంట్లు పెరిగితే మీ ట్యూబ్ బతికే ఉంది. పాత పెట్రోమాక్స్ మాంటిల్‌లోనూ థోరియం ఉంటుంది, దాన్ని వాడితే సీలు వేసిన కవర్‌లోనే ఉంచండి, పొడి ముక్కులోకి పోకూడదు. వాడాక వేరే గదిలో పెట్టండి. సొరుగులో పెట్టి మరిచిపోతే మళ్లీ కథ మొదటికి.

వాన కూడా అంతే. గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాసు పిల్లల్ని (అది విఘటన చెందితే పుట్టేవాటిని) వాన కిందికి దించుతుంది, జోరు వాన పడుతుంటే గైగర్ కౌంట్లు పెరిగి, ఆగాక గంటా రెండు గంటల్లో దిగిపోతాయి. వాన రోజు బేస్‌లైన్ తియ్యకండి.

మా లాగ్ పుస్తకంలో ఇప్పుడు తేదీ పక్కన ఒక గడి ఉంది: "కింద ఏముంది". అందులో బల్ల అని రాస్తే ఒప్పుకోను. బల్ల కింద ఏముందో రాయాలి.

కోఇన్సిడెన్స్ కౌంట్లు గడియారంలా వస్తున్నాయి

ప్రతి పది సెకన్లకో, పదిహేను సెకన్లకో ఒకటి ఖచ్చితంగా పడుతుంటే అది ఆకాశం నుంచి కాదు, మీ ట్రాకర్ (పెట్టె ఎక్కడుందో రేడియోలో చెప్పే పరికరం) నుంచి. రేడియో సందేశం పంపిన ప్రతిసారీ రెండు పలకల వైర్లలోకీ ఒకేసారి దూరుతుంది, కోఇన్సిడెన్స్ దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంటుంది. ఎస్‌డీ కార్డు రాసేటప్పుడు వోల్టేజి కుంగినా ఇదే. రెండు కౌంట్ల మధ్య కాలాల పట్టిక వెయ్యండి, ఒకే అంకె దగ్గర గుట్ట కనిపిస్తే దొరికినట్టే. ట్రాకర్‌ని అర మీటరు దూరం జరపండి, పలకకి రాగి రేకు చుట్టి గ్రౌండ్ చెయ్యండి, రేడియో పలికే క్షణంలో కౌంట్ తీసుకోవద్దని ప్రోగ్రామ్‌లో రాయండి. బల్ల మీద ట్రాకర్ ఆపేసి పరీక్షిస్తే ఇది ఎప్పటికీ కనపడదు.

గడియారంలా కాకుండా ఊరికే ఎక్కువ ఉంటే కోఇన్సిడెన్స్ విండో (ఎంత తేడాలో వస్తే 'ఒకేసారి' అనుకోవాలో ఆ వ్యవధి) చూడండి. పలకకి సెకనుకి 50 చొప్పున వస్తూ విండో 100 మైక్రోసెకన్లు ఉంటే, కాకతాళీయంగా కలిసేవే నిమిషానికి 30. అంటే అసలు మ్యూయాన్ల కన్నా ఎక్కువ. విండో 1 మైక్రోసెకనుకి దించితే మూడు నిమిషాలకి ఒకటి.

కింద బాగుంది, పైన పాడైంది

చలి. మన అక్షాంశాల్లో 16, 17 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 80 డిగ్రీల దాకా ఉంటుంది. కౌంట్ల శిఖరం కూడా 15-20 కిలోమీటర్ల మధ్యే వస్తుంది. అందువల్ల శిఖరం దాటి కౌంట్లు దిగాయా, బ్యాటరీ గడ్డకట్టి దిగాయా అన్నది గ్రాఫు చూసి చెప్పలేరు. పెట్టె కిందికి దిగేటప్పుడు అదే పీడనం దగ్గర మళ్లీ శిఖరం వస్తే నిజం, రాకపోతే బ్యాటరీ. ఆల్కలైన్ సెల్స్ వద్దు, ఛార్జ్ కాని లిథియం సెల్స్ వాడండి.

సిలికాన్ సెన్సరు బ్రేక్‌డౌన్ డిగ్రీకి 21.5 మిల్లీవోల్టుల చొప్పున దిగుతుంది. పెట్టె లోపల 60 డిగ్రీలు పడితే 1.3 వోల్టులు. బయాస్ మార్చకపోతే పల్సులు పెద్దవై అదే త్రెషోల్డ్ దగ్గర ఎక్కువ కౌంట్లు వస్తాయి. ఉష్ణోగ్రత కూడా ఫైల్లో రాయించండి, తర్వాత సరిచేసుకోవచ్చు.

పరీక్షకి చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె, అందులో డ్రై ఐస్. డ్రై ఐస్ మైనస్ 78.5, మనకి కావలసినదానికి దగ్గరే. చేత్తో పట్టుకోకండి, మూత బిగించకండి, కిటికీలు తెరిచి ఉంచండి. రెండు గంటలు లోపల నడిపి చూడండి. ప్లాస్టిక్ ముడుచుకుని సెన్సరు అంటు ఊడిపోతే అక్కడే బయటపడుతుంది. గదిలోకి తేగానే మళ్లీ అతుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది కాబట్టి చలిలో ఉండగానే అంకె చూడాలి.

25 కిలోమీటర్లు దాటాక గైగర్ పిచ్చెక్కినట్టు పలుకుతోంది

పల్చటి గాలిలో 400 వోల్టులు దూకుతున్నాయి. 30 కిలోమీటర్ల దగ్గర పీడనం సుమారు 10 మిల్లీబార్లు. ఆ పీడనంలో మిల్లీమీటరు సందుని దాటడానికి 330 వోల్టుల చుట్టుపక్కల ఉంటే చాలు, అంతకన్నా తేలికైన పరిస్థితి గాలికి ఉండదు. హై వోల్టేజి భాగం మొత్తాన్ని సిలికోన్‌లో ముంచెయ్యండి, బుడగలు లేకుండా. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో మందపాటి స్టీలు పాత్రలోంచి గాలి లాగి పరీక్షించవచ్చు. 10 మిల్లీబార్ల దాకా దిగకపోయినా బలహీనమైన చోటు ముందే చిటపటమంటుంది. గాజు సీసాలు వాడకండి, లోపలికి పేలతాయి.

మిగతావి

12 కిలోమీటర్ల దగ్గర జీపీఎస్ ఆగిపోతే మాడ్యూల్‌ని ఎత్తులో పనిచేసే ఎయిర్‌బోర్న్ మోడ్‌లో పెట్టలేదన్నమాట. సౌర తుఫాను వల్ల కౌంట్లు పెరిగాయా అని అడుగుతారు. మనం భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గర, ఇక్కడ 17 గిగావోల్టుల లోపు బలం ఉన్న కణాల్ని భూమి అయస్కాంతం లోపలికే రానివ్వదు. సూర్యుడి కణాలు అంత బలంగా రావడం చాలా అరుదు, మీ డిటెక్టర్ దాన్ని పట్టుకోవడం ఇంకా అరుదు. ఇదే కారణంగా, ఐరోపావాళ్లూ అమెరికావాళ్లూ ఎగరేసిన గ్రాఫుల్లో శిఖరం మనకన్నా ఎత్తుగా ఉంటుంది. దానితో పోల్చి మీది పాడైందనుకోకండి. వాయుగుండం వచ్చి పీడనం పడితే మ్యూయాన్లు ఒకటి రెండు శాతం పెరుగుతాయి, చిన్న డిటెక్టర్లో అది కనపడాలంటే రోజుల తరబడి లెక్క పెట్టాలి. ట్యూబ్ వయసైపోయిందేమో అన్న అనుమానం అన్నిటికన్నా చివర్న పెట్టుకోండి. అప్పటికీ తేలకపోతే ఫోను చెయ్యండి, కానీ డిటెక్టర్ ఉన్న చోటు ఫోటో ముందు పంపండి, బల్ల కింద కూడా కనిపించేలా.